బయట ఉన్న పిల్ల

మా ఇంట్లో నన్ను అనుమానప్పక్షి అంటారు. అననీ. ఎవరైనా ఊరికే ఏదైనా చేతిలో పెడుతున్నారంటే, ఎందుకు పెడుతున్నారో తేలేదాకా నేను గుప్పిట మూయను. నిజాంసాగర్ గేట్లు ఎత్తితే మంజీర ఏరు మా ఊరి మీదికి వచ్చినప్పుడు, చెరకు తోలే ట్రాక్టర్లలో మమ్మల్ని బోధన్ తెచ్చి ఒక బడిలో దించారు. అక్కడా నాది అదే బుద్ధి. పులిహోర పొట్లం వాసన చూశాకే మా బిడ్డకు పెట్టాను.

బాత్రూముకు గడియ లేదు. ఒకరం లోపలికి వెళితే ఇంకొకరం తలుపు పట్టుకొని నిలబడేవాళ్లం. సాయం పేరుతో వచ్చి ఫోటోలు తీసేవాళ్లు ఆ వైపు నడిచినా నాకు ఒళ్లు మండేది.

మర్నాడు పొద్దున మా బిడ్డ నా చెవిలో, "అమ్మా, బయటున్న" అంది. పదో తరగతి పిల్ల. మా దగ్గర ముట్టయిన ఆడది ఎవరినీ తాకకుండా దూరంగా కూర్చోవాలి. దాన్నే బయట ఉండడం అంటాం. దాచుకున్న పాత చీర గుడ్డలన్నీ ఏట్లో కలిసిపోయాయి. నా లంగా అంచు చింపి ఇచ్చాను. అది ఎంతసేపు ఆగుతుంది? గదినిండా మా ఊరి ముసలవ్వలాయె. పిల్ల పోయి వరండా చివర, వాన జల్లు కొట్టేచోట ముడుచుకొని కూర్చుంది.

మధ్యాహ్నం పట్నం నుంచి ఎవరో వ్యానులో వచ్చి, "ఆడవాళ్ల కిట్లు" అని మైకులో పిలిచారు. నాకు ప్రాణం లేచొచ్చింది. వెంటనే అనుమానమూ వచ్చింది. ఆడవాళ్ల కిట్లు పంచడానికి ఒక్క ఆడమనిషీ రాలేదేం? అయినా మేమున్న గదిలోనే కట్టించిన వరుసలో నిలబడ్డాను. నా ముందూ వెనకా పెళ్లాల బదులు వచ్చిన మొగవాళ్లే.

"ఇంట్లో ఆడవాళ్లు ఎంతమందండీ?" అని అడిగాడు కిట్లు పంచుతున్న కళ్లజోడు అతను.

"నేను, మా బిడ్డ."

"పాప ఏదీ?"

"బయట ఉన్నది."

"బయట ఉన్నవాళ్లకి ఇవ్వలేమండి. క్యాంపులో ఉండాలి."

"క్యాంపులనే ఉన్నది సారూ. బయట ఉన్నది, గంతే."

"క్యాంపులో ఉందా, బయట ఉందా? ఏదో ఒకటి చెప్పండి."

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. ఇతను నిజంగా తెలియకే అడుగుతున్నాడా, ఇంతమంది మొగాళ్ల ముందు నా నోటితో చెప్పించాలని అడుగుతున్నాడా? తెలియకపోతే మరి ఆడవాళ్ల కిట్లు ఏ ధైర్యంతో మోసుకొచ్చాడు?

"నాకొద్దు సారూ. గా పిల్లకు ఒక్కటియ్యి, సాలు."

"అందరూ ఇలాగే చెప్పి రెండేసి పట్టుకుపోతున్నారమ్మా. పక్కకు జరగండి."

ఓహో, నా మీదే అనుమానమా! నేను జరుగుతానా? అక్కడే నిలబడ్డాను. వరండాలోంచి అంతా విన్న పిల్ల లేచి, గడప దాటి లోపలికి వచ్చేసింది. "అయ్యో, అంటుకోకే!" అంటూ ముసలవ్వలు చాపలు లాక్కున్నారు. దాని పావడా వెనక మరక. నేను కొంగు అడ్డం పెట్టబోతే నా చేయి తోసేసింది.

"బయట ఉన్నది నేనే అన్నా. గిప్పుడు లోపటికొచ్చిన. ఇయ్యి."

అతను నేలచూపులు చూస్తూ ఒక సంచి అందించాడు. పిల్ల అక్కడే అందరి ముందూ దాని జిప్పు లాగింది. సబ్బు, దువ్వెన, చిన్న అద్దం, పౌడరు డబ్బా, బొట్టుబిళ్లల అట్ట. అడుగుదాకా చెయ్యి పెట్టి వెతికింది. గుడ్డ పేలిక కూడా లేదు. ఇవి సర్దినవాళ్లు మమ్మల్ని ఒక్క మాట అడిగి ఉంటే ఏం పోయేది?

నేను నోరు తెరిచేలోపే పిల్ల ఆ బొట్టుబిళ్లల అట్ట తీసి అతని ముందు పెట్టింది.

"అన్నా, గివి ఏడ పెట్టుకోవాలె?"