బుధవారం దిగి శుక్రవారం వచ్చినట్టు

ఇతరుల ప్రయాణాలు ఏర్పాటు చేయడం నా ఉద్యోగం. సింగపూర్‌లో, పాయా లేబర్ దగ్గర ఒక ఇంజనీరింగ్ కంపెనీ ఆఫీసులో పద్నాలుగేళ్లుగా ఇదే పని. ఎవరు ఏ విమానం ఎక్కాలి, తువాస్ యార్డుకి కొత్తగా వచ్చేవాళ్లని ఎవరు వెళ్లి తీసుకురావాలి, ఏ మేనేజరుకి కిటికీ పక్క సీటు, ఎవరికి శాకాహారం, అన్నీ నా ఎక్సెల్ షీట్‌లోనే ఉంటాయి. సాయంత్రం రైలెక్కి, జురాంగ్ వెస్ట్ దాకా సగం దూరం నిలబడి, మోకాళ్లు పట్టేసి ఇంటికి చేరాక, నా సొంత ప్రయాణం గురించి ఆలోచించమంటే ఏడుపొస్తుంది.

అయినా ఈసారి ఆలోచించాను. గట్టిగానే ఆలోచించాను. ఈ గొడవంతా దానివల్లే వచ్చింది.

మా చెల్లి అడిలైడ్‌లో ఉంటుంది. ఇంట్లోంచే కంప్యూటర్ మీద ఉద్యోగం. మరిదికి దూరంగా గనుల్లో పని, రెండు వారాలు అక్కడ, ఒక వారం ఇంట్లో. కొడుకు మెల్‌బోర్న్‌లో చదువుకుంటున్నాడు. రెండేళ్లకొకసారి డిసెంబరులో వెళ్లి నేను పది రోజులుండి వస్తాను. పది రోజులని పేరే గానీ, దిగిన మర్నాటి నుంచీ భోజనాలే. చెల్లికి అక్కడ నాలుగు తెలుగు కుటుంబాలు తెలుసు. సింగపూర్ అక్క వచ్చిందంటే నలుగురూ పిలవాలి. ఒకరింట తిని ఇంకొకరింట తినకపోతే మాటొస్తుంది. తిన్నాక వాళ్లందర్నీ మనం తిరిగి పిలవాలి. ప్రతి ఇంట్లోనూ గుత్తివంకాయ కూర, ప్రతి ఇంట్లోనూ ఒకటే ప్రశ్న, సింగపూర్‌లో ఎండలెలా ఉన్నాయని. ఎలా ఉంటాయి, ఏడాది పొడుగునా ఒకలాగే ఏడుస్తాయి. ఇక్కడ హాకర్ సెంటర్‌లో తినడానికెళ్లి, బల్ల మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి ఈ చోటు నాదని చోప్ చేసినట్టు, నేను బయల్దేరడానికి నెల ముందే చెల్లి నా ప్రతి రోజు మీదా ఎవరో ఒకరి పేరు పెట్టేస్తుంది.

నాకు కావలసింది మాత్రం ఒక్క పిట్ట.

మోకాళ్ల కోసం డాక్టరు నడవమంటే మా బ్లాకుల వెనక కాలువ గట్టున నడవడం మొదలుపెట్టాను. ఒక పొద్దున రెయిలింగ్ మీద లకుముకి పిట్ట కనపడింది. ఐదు నిమిషాలు కదలకుండా చూశాను. ఆ ఐదు నిమిషాలూ నన్నెవరూ ఏమీ అడగలేదు. ఈ పిట్టల పిచ్చి పట్టుకుంది అందుకే. తర్వాత బైనాక్యులర్స్ కొనుక్కున్నాను. అడిలైడ్‌కి దక్షిణాన, సముద్రపు ఒడ్డున హూడెడ్ ప్లవర్ అనే చిన్న పిట్ట ఉంటుందని చదివాను. నల్లటి తల, కంటి చుట్టూ ఎర్రటి వలయం. గూడు కట్టదు, ఇసుకలోనే చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. మనుషుల అలికిడి అయితే అక్కణ్ణుంచి వెళ్లిపోతుంది. కాబట్టి తెల్లవారగానే వెళ్లి, దూరంగా, చప్పుడు చేయకుండా కూర్చోవాలి.

ఆ పిచ్చి పట్టాక మొదటిసారి వెళ్లినప్పుడు ఆ మాట చెల్లికి చెప్పాను. "ఓస్, అంతేనా అక్కా" అని మూడు కార్ల నిండా జనాన్ని తయారుచేసింది. పులిహోర, పెరుగన్నం, పాటల స్పీకరు, క్రికెట్ బ్యాటు. బీచ్ చేరేసరికి పదకొండున్నర. ఇక పిట్టేముంటుంది, నా మొహం. రెండోసారి సరిగ్గా ఆ పొద్దునే ఒకరింట్లో సత్యనారాయణ వ్రతం. "మీరు రాకపోతే ఎలా ఆంటీ" అన్నారు. వెళ్లి ప్రసాదం తిని వచ్చాను.

ఈసారి అబద్ధమాడాను. బుధవారం పొద్దున దిగేలా టికెట్టు తీసుకుని చెల్లికి శుక్రవారం అని చెప్పాను. బీచ్ దగ్గర ఊళ్లో రెండు రాత్రులకి చిన్న గది. బస్సు టైములు, సూర్యోదయం, ఆటుపోట్లు, అన్నీ షీట్‌లో వరసగా రాసుకున్నాను. బూట్లకి మట్టి ఉంటే అక్కడి ఎయిర్‌పోర్టులో ఆపుతారని పాత టూత్‌బ్రష్‌తో అడుగులు తోమాను. శుక్రవారం పొద్దున్నే మళ్లీ ఎయిర్‌పోర్టుకి వెళ్లి, అప్పుడే దిగినదానిలా సూట్‌కేసు లాక్కుంటూ చెల్లి ముందుకు రావాలి. అదీ ప్లాను.

మా అమ్మాయి ఇక్కడే పుట్టి పెరిగింది, మాట తీరూ ఇక్కడిదే. నా భుజం మీంచి ఆ షీటు మొత్తం చదివింది.

"పిన్నికి చెప్పెయ్ లా, అమ్మా. వై సో డ్రామా?"

"చెప్తే పులిహోరొస్తుంది" అన్నాను.

"ఎయిర్‌పోర్ట్‌లో ఫేక్ అరైవల్? సీరియస్‌లీ?"

నీ పని నువ్వు చూసుకో అన్నాను. అంతకంటే వాదించే ఓపిక లేదు.

పార్శిల్ వచ్చేదాకా అంతా సవ్యంగానే ఉంది. మనవాళ్లలో ఎవరైనా విమానం ఎక్కుతున్నారంటే చాలు, వాళ్ల సూట్‌కేసు ఊరందరిదీ. ఎదురు బ్లాకు ఆంటీ వచ్చింది. ఆవిడ కూతురు అడిలైడ్‌లోనే, మా చెల్లికి తెలిసిన ఆ నాలుగు కుటుంబాల్లో ఒకరు. "చిన్న పార్శిలేనమ్మా, రెండు చీరలు, కుట్టించిన జాకెట్లు" అంది. ఆ చిన్న పార్శిల్‌ని బాత్‌రూమ్ తూకం మీద పెడితే నాలుగు కిలోలుంది. వద్దనడం చేతనైతే నా బతుకు ఇలా ఎందుకుంటుంది, తీసుకున్నాను. ఆవిడ వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "ఏ రోజు దిగుతావమ్మా?" అంది. ఆ రోజంతా ఆఫీసులో అదే ప్రశ్నకి పదిమందికి జవాబు చెప్పి వచ్చినదాన్ని. "బుధవారం పొద్దున ఆరున్నరకి" అనేశాను.

పప్పుకి తిరగమోత వేస్తుంటే గానీ నాకు వెలగలేదు. వెనకే వెళ్లి, శుక్రవారమని చెప్పండి ఆంటీ అనొచ్చు. ఎందుకని అడుగుతుంది. దానికి ఇంకో అబద్ధం వెతకాలి. మర్చిపోతుందిలే అనుకుని స్టవ్ ఆపేశాను.

ఆవిడ మర్చిపోలేదు. ఆదివారం మధ్యాహ్నం చెల్లి ఫోన్ చేసింది.

"అక్కా, బుధవారం దిగుతున్నావంట."

"ఎవరు చెప్పారు?" అన్నాను దొంగలాగా.

"పార్శిల్ ఎప్పుడొచ్చి తీసుకోమంటారని వాళ్లు ఫోన్ చేశారు. నాతో శుక్రవారమన్నావుగా. ఒంట్లో బాగాలేదా అక్కా? నాకు తెలియకుండా ఇక్కడ ఎవరైనా డాక్టరుకి చూపించుకోడానికొస్తున్నావా? నిజం చెప్పు. పొద్దుట్నుంచీ నాకు అన్నం కూడా దిగలేదు."

నాకు చచ్చేంత సిగ్గేసింది.

"పిట్ట కోసమే" అన్నాను.

"ఏ పిట్ట?"

"అదే, మనం మూడు కార్లలో వెళ్లి చూడనిది."

"మా ఇల్లంటే నీకంత విసుగా?" అంది.

"నీ ఇల్లు కాదే. ఆ భోజనాలు. రెండేళ్లకోసారి నీకోసం వస్తాను, నీతో గట్టిగా గంటసేపు కూర్చోను. నాకు ఓపిక లేదే, అలిసిపోతున్నాను."

"నాకు మాత్రం సరదానా? ఆ ఇళ్లకి నేను వెళ్లేదే నువ్వొచ్చినప్పుడు."

నాకు అర్థం కాలేదు. అదేంటన్నాను.

"మిగతా రోజుల్లో ఎవరి పనులు వాళ్లవక్కా. పండక్కి మనవాళ్లంతా చేరే హాల్లో కనపడితే బాగున్నావా అంటారు, అంతే. మొదటిసారి నువ్వొచ్చినప్పుడు అందరూ వాళ్లంతట వాళ్లే పిలిచారు. వెళ్లేటప్పుడు ఎయిర్‌పోర్టులో నువ్వేమన్నావో గుర్తుందా? నీ చుట్టూ ఇంతమంది ఉన్నారే, ఇక నాకు బెంగ లేదన్నావు. అందుకని నువ్వొచ్చే ముందు నేనే ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, మా అక్కొస్తోందని చెప్తాను. ఆ లిస్టు అలా తయారవుతుంది."

నాకు గుర్తుంది. ఆ రోజు విమానంలో హాయిగా నిద్రపోయాను కూడా.

ఎదురుగా ల్యాప్‌టాప్‌లో నా షీటు తెరిచే ఉంది. బుధవారం, గురువారం గడుల్లో ఎవరి పేరూ లేదు. ఎన్నో ఏళ్లకి నాకంటూ నేను ఉంచుకున్న రెండు రోజులు. వాటిని వదులుకోవడం నాకేమీ తేలిక కాలేదు. ఇది రాస్తున్నప్పుడు కూడా కొంచెం ఉక్రోషంగానే ఉంది.

"బుధవారం నుంచి సెలవు దొరుకుతుందా నీకు?" అన్నాను.

"ఎందుకు?"

"గదిలో రెండు మంచాలున్నాయి. నువ్వూ రా. ఎవరికీ చెప్పకు, పులిహోర చెయ్యకు."

"పిట్టల గురించి నాకేం తెలుసక్కా?"

"తెలియక్కర్లేదు. తెల్లారగానే వెళ్లి ఇసకలో కూర్చుని, గంటలకొద్దీ మాట్లాడకుండా ఉండాలి, అంతే."

"అంతేనా" అంది చెల్లి. "అయితే వస్తాను. నేను రోజూ చేసేదేగా."