ఓడించిన ఊరికే వచ్చాడు మా తమ్ముడు

మా తమ్ముడు పోయాడన్న కబురు నాకు కందిచేను గట్టు మీద తెలిసింది. కలుపు తీస్తున్న ఆడవాళ్లలో ఒకామె ఫోనులో మాట్లాడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "అవ్వా, పట్నం దవాఖానల సారు పోయిండంట" అంది. ఇన్నేళ్లు ఎమ్మెల్యేగా చేసిన మనిషి కాబట్టి ఈ చుట్టుపక్కల అందరికీ వాడు సారే. నాకు ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. వాడిని మా ఊరికి తీసుకురమ్మని ఏ ముఖం పెట్టుకుని అడగాలి అనుకున్నాను.

నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా మనుమరాలు రాస్తోంది. నా మాటలు దిద్దితే పెన్ను గుంజుకుంటానని ముందే చెప్పాను. ఇది ఎందుకు రాయిస్తున్నానంటే, వికారాబాద్‌లో పెట్టిన సంతాప సభలో మాట్లాడిన పెద్దలంతా మా తమ్ముడిని ఓటమి ఎరుగని నాయకుడు అన్నారు. తాండూరు చౌరస్తాలో కట్టిన ఫ్లెక్సీ మీద కూడా అదే ఉందని మా పిల్ల చదివి చెప్పింది. అది నిజం కాదు. వాడు మొదటిసారి నిలబడ్డప్పుడు ఓడాడు. తర్వాత వరుసగా నాలుగుసార్లు గెలిచాడు. చివరిసారి మళ్లీ ఓడాడు. ఆ చివరి ఓటమిలో మా ఊరి చెయ్యి ఉంది. దాన్ని దాచిపెట్టి పొగిడితే వాడికీ మర్యాద కాదు, మాకూ కాదు.

మొదటిసారి ఓడినప్పుడు మా ఊరు ఊరంతా వాడికే వేసింది. ఓడిన మర్నాటి నుంచే వాడు ఊరూరా తిరిగి దండం పెట్టి వచ్చాడు. బషీరాబాద్‌లో ఎవరో నవ్వి, "ఓడినోనివి, నువ్వెందుకొచ్చినవ్?" అని అడిగారట. "గెలిచినోడు రాడు గద, నేనన్న రావాలె" అన్నాడట. ఆ మాట మీదే తర్వాతిసారి గెలిచాడని నేను ఇప్పటికీ అంటాను.

గెలిచాక కూడా మనిషి మారలేదు. నన్ను పుట్టినూళ్లోనే ఇచ్చారు. వాడు మా ఇంటికి వస్తే కుర్చీ వేసేదాన్ని. ఆ కుర్చీ మీద కండువా పెట్టి, తాను అరుగు మీద కూర్చునేవాడు. మొదట అడిగే మాట ఒకటే. "అక్కా, మనూర్ల ఎవరన్న పోయిండ్రా?" పోయినవాళ్ల ఇంటికి వెళ్లి, కాసేపు కూర్చుని వచ్చాకే జొన్నరొట్టె, పుంటికూర ముట్టేవాడు. కర్ణాటక అంచు ఊళ్లవాళ్లతో కన్నడమే మాట్లాడేవాడు. తప్పులు దొర్లితే వాళ్లు నవ్వేవాళ్లు, వాళ్లకంటే ఎక్కువ వాడు నవ్వేవాడు.

వికారాబాద్‌లో వాడి ఇంటి వసారా పొద్దున్నే జనంతో నిండిపోయేది. ఒక్కొక్కరినీ ఏ ఊరని అడిగేవాడు. మా ఊరంటే మాత్రం, "మనోళ్లే గద, జర కూసోండ్రి. ముందుగాల దూరపోళ్లను పంపిద్దాం" అనేవాడు. బషీరాబాద్ నుంచి వచ్చినవాళ్లు పని చేయించుకుని పోయేవాళ్లు. మావాళ్లు సాయంత్రం బస్సు కూడా పోయేదాకా కూర్చునేవాళ్లు. మొదట్లో అది మాకు గొప్పగానే ఉండేది. మనల్ని సొంతవాళ్లుగా చూస్తున్నాడని తిరిగొచ్చి చెప్పుకునేవాళ్లు. సొంతం అన్న మాట ఎంత బరువో మాకు వాగు దగ్గర తెలిసింది.

తాండూరు నుంచి మా ఊరికి వచ్చే దారికి అడ్డంగా వాగు ఉంది. దాని మీద వంతెన లేదు, నేలబారు కల్వర్టు ఒకటి ఉంది. వానలు పడితే దాని మీదుగా నీళ్లు పారతాయి. ఆ రోజుల్లో బడికి పోయే ఆడపిల్లలు ఇళ్లలోనే ఉండిపోతారు. నేను ప్రతి వానాకాలం వాడితో పోట్లాడాను.

"అన్ని ఊర్లకు వంతెనలు కడుతున్నవ్. నీ అక్క ఊరు ఏం పాపం జేసిందిరా?"

"ముందుగాల మనూరికి కట్టుకుంటె మంది ఏమంటరక్కా? ఎమ్మెల్యే అయ్యి ఇంటికాడికి తొవ్వ ఏసుకున్నడు అనరా?"

"అననియ్. అన్నోడు వచ్చి మా వాగు దాటుతడా?"

వాడు నవ్వేవాడు. "మనది ఆఖరుకు జేద్దాం అక్కా" అనేవాడు. దురాశ ఉన్న నాయకుడినైతే నిలదీయొచ్చు. మాటపడతానేమో అని భయపడే మంచివాడిని ఏం చేయాలో మాకు తెలియలేదు. నాలుగుసార్లు గెలిచాడు, నాలుగుసార్లూ మా వంతు రాలేదు.

చివరిసారి ప్రచారానికి వచ్చినప్పుడు మావాళ్లు బొట్టు పెట్టారు, హారతి ఇచ్చారు. ఒక్కరూ ఎదురు మాట్లాడలేదు. లెక్కింపు రోజు తెలిసింది, నియోజకవర్గంలోనే కాదు, సొంతూరి పోలింగ్ బూత్‌లో కూడా వాడికి ఓట్లు తక్కువ వచ్చాయని. రాజకీయం చేసేవాడికి అంతకంటే తలవంపు లేదు. మర్నాడు ఒక్కడే మా అరుగు మీదికి వచ్చాడు. ఇల్లిల్లూ తిరిగి కడిగేస్తానని నేను లేచాను. "తిట్టకక్కా. నా మీద కోపం జెప్పనీకె వాళ్లకు ఇంకో తొవ్వ నేను పెట్టలే" అన్నాడు.

నేను ఊరుకోలేదు. బోరింగు దగ్గర అందరి ముందూ అడిగాను. మా యారాలు, అంటే మా మరిది భార్య, బిందె కింద పెట్టి నాకు జవాబు చెప్పింది.

"అవునక్కా, నేనే ఎయ్యలే. ఏం జేస్తవ్? మందికి ఎమ్మెల్యే అయ్యిండు, మనకు సుట్టమే అయ్యిండు. సుట్టాన్ని ఇంటికి పిలుస్తం, రొట్టె పెడుతం. ఓటు ఎందుకెయ్యాలె?"

నోరున్నదాన్నని నాకు పేరు. ఆ రోజు వెనక్కి తిరిగి ఇంటికి వచ్చేశాను. అప్పటి నుంచి నాకు రెండు సిగ్గులు. తమ్ముడి ఇంటికి పోతే మా ఊరిని తలుచుకుని తల దించుకున్నాను. ఊళ్లో ఆడపిల్లలు వానకు బడి మానితే తమ్ముడిని తలుచుకుని తల దించుకున్నాను.

వాడి శవం వికారాబాద్ ఇంటికి చేరేసరికి నేనూ చేరాను. దహనం అక్కడే అని మా మేనల్లుడు అప్పటికే చెప్పేశాడు. మా నాయినను, అమ్మను కాల్చిన చేను మా ఊళ్లో ఉంది. తమ్ముడు అక్కడికే రావాలని నేను పట్టుబట్టాను.

"అత్తా, గా ఊరికి నేను తీస్కరాను. ఓటెయ్యనోళ్లతోని మా బాపు పాడె మోపిస్తనా?"

"పాడె మొయ్యనీకె ఓటరు లిస్టు చూస్తరారా? మోసేటోళ్లు మోస్తరు. ఎవ్వరు రాకుంటె నేను మోస్త."

వాడు ముఖం తిప్పుకున్నాడు. అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న మా మరదలు తలెత్తింది. "వదినె చెప్పినట్టే కానియ్ బిడ్డా. మీ బాపు ఆ ఊరోళ్లను ఎన్నడన్న ఒక్క మాటన్నడా?" అంది. మేనల్లుడు బయటికి పోయి, బండిని మా ఊరి దారి పట్టించమన్నాడు.

అద్దాల బండి వెనకాలే కార్లు బయలుదేరాయి. తాండూరులో దుకాణాలు మూసి, జనం బజారుకు రెండు పక్కలా నిలబడ్డారు, పూలు చల్లారు. నాకు అవేవీ కంటికి ఆనలేదు. మా ఊళ్లో ఒక్కరూ రాకపోతే మేనల్లుడికి ఏం చెప్పాలి, మరదలికి ఏం చెప్పాలి, ఇదే నా గుండెల్లో. రమ్మని కొట్లాడింది నేనే కదా.

వాగు దగ్గర బండి ఆగిపోయింది. రాత్రి వానకు కల్వర్టు మీద మోకాటి లోతు నీళ్లు. దిగి చూస్తే మా ఊరు ఊరంతా నీళ్లలో నిలబడి ఉంది. నీళ్లు పారేటప్పుడు కల్వర్టు అంచు కనబడదు. అందుకని బాలింతను దాటించాలన్నా, కొత్త కోడలిని తేవాలన్నా, మావాళ్లు రెండు అంచుల మీదా వరుసగా నిలబడతారు, వచ్చేవాళ్లు నడుమ నుంచి నడుస్తారు. వాడి కోసం అట్లా నిలబడ్డారు. ఆడవాళ్లు కూడా చీరలు ఎగగట్టి నిలబడ్డారు. ఎవరూ పిలిస్తే వచ్చినవాళ్లు కారు.

బండిలోంచి దించిన పాడెకు మా ఊరి మగవాళ్లు ముగ్గురు భుజం ఇచ్చారు. నాలుగో వైపుకు, వాడిని ఓడించి గెలిచిన ఇప్పటి ఎమ్మెల్యే, చెప్పులు ఒడ్డున వదిలి, ప్యాంటు మడిచి వచ్చాడు. నన్ను చూసి గొంతు తగ్గించి, "అవ్వా, గీ వంతెన నేను కట్టిస్త" అన్నాడు.

"కట్టినంక చెప్పు నాయినా. ఇప్పుడైతె కాలు చూసి పెట్టు, నడుమ గుంత ఉన్నది" అన్నాను.

మా మేనల్లుడు కుండ పట్టుకుని ముందు నడిచాడు. మరదలు వాడి వెనకాల నన్ను రమ్మని చెయ్యి చాపింది. నేను పోలేదు. నీళ్లలోకి దిగి వరుసలో మా యారాలికి ఎదురుగా, అవతలి అంచు మీద నిలబడ్డాను. ఆమె నా వైపు చూసింది. నేను ఆమె వైపు చూడలేకపోయాను. పాడె మా ఇద్దరి నడుమకు వచ్చింది. మబ్బు విడిచిన ఎండలో దాని నీడ ఆమె కాళ్ల మీద, నా కాళ్ల మీద పడి, పారే నీళ్ల మీద మెల్లగా ఊరి వైపు సాగిపోయింది.