ముల్లు దిగిన మధ్యాహ్నం

కరోనా తగ్గిన మరుసటి వేసవిలో నన్ను నెలవారీ తనిఖీకి కె.ఆర్.పురం దగ్గరి ఒక నర్సింగ్ హోముకు పంపారు. జనరేటర్లు సర్వీసు చేసే కంపెనీలో అప్పటికి నేను సీనియర్ సూపర్‌వైజర్ని. అక్షరాలు నాకు ముప్పై దాటాక వచ్చాయి. అంతకుముందు ఇంజిన్లను చేత్తో, చెవితో తెలుసుకునేవాణ్ణి. ఆ అలవాటు తరవాతా పోలేదు.

ఆ రోజు పొద్దున్నుంచీ గాలివాన. చెట్టు తీగల మీద పడి ఆ వీధికి కరెంటు లేదు. ఎక్కడికి పోయినా ముందు అక్కడి ఇన్‌ఛార్జికి చెప్పడం మా పద్ధతి. ఐసీయూ గుమ్మం బయట చెప్పులు వదిలి సిస్టర్ సుగుణమ్మను కలిశాను. ఆమెది ఒంగోలు వైపు. లోపల చందాపుర నుంచి వచ్చిన గౌరమ్మ వెంటిలేటర్ మీద ఉంది.

"ఆ మిషన్ బ్యాటరీ పోయిందండీ, కొత్తది రాలేదు. జనరేటర్ ఆగితే ఇదీ ఆగినట్టే. మీ స్క్రూలు విప్పుకునే పని ఇవాళ పెట్టుకోకండి," అంది సిస్టర్.

వెనక తలుపుకు దగ్గరే అని అట్లాగే ఒట్టికాళ్లతో జనరేటర్ షెడ్డులోకి పోయాను. ఆపరేటర్ మునిరాజు ఇంజిన్ వేడి చూపే మీటరు చూసి నవ్వుతున్నాడు.

"ముల్లు ఎర్ర గీత దాకా పోయి నా పానం తీసిందన్నా. ఇప్పుడు దిగుతా ఉండాది. వానకు చల్లబడిందప్పా."

"నీళ్లు చూసినావా?"

"పొద్దున్నే నిండా పోసినా. బోరు నీళ్లు."

నాకు నవ్వు రాలేదు. లోడు తగ్గలేదు, ఇంజిన్ మోత తగ్గలేదు. మరి వేడి ఎందుకు తగ్గాలి? వాన నీళ్లు షెడ్డులోకి వచ్చి నేలంతా తడిగా ఉంది. రేడియేటర్ పక్కకు అడుగు వేశాను. అరికాలికి నీళ్లు వెచ్చగా తగిలాయి.

అవి వాన నీళ్లు కావు, ఇంజిన్‌లోంచి కారినవి. డీజిల్ మండిన వేడిలో కొంతే పనికి వస్తుంది. మిగిలినది కొంత పొగతో పోతే, ఇంకొంత ఇంజిన్ గోడల మధ్య తిరిగే నీళ్లు రేడియేటర్‌కు మోసుకుపోతాయి, ఫ్యాన్ గాలి దాన్ని లాక్కుంటుంది. నీళ్లు లేకపోతే పిస్టన్లు ఉబ్బి సిలిండర్లలో పట్టేస్తాయి. పట్టేసిన ఇంజిన్ ఆ రోజుకు లేవదు. పై గొట్టాన్ని గుడ్డతో పట్టి నొక్కాను. ఒత్తిడితో గట్టిగా ఉండాల్సింది, ఖాళీ సంచిలా అణిగిపోయింది. ముల్లును నడిపే సెన్సర్ నీళ్లలో మునిగి ఉంటేనే నిజం చెబుతుంది. నీళ్లు దిగిపోతే ఉత్త గాలిలో వేలాడుతుంది, ముల్లు పడిపోతుంది. వేడి మితిమీరితే ఇంజిన్ను ఆపాల్సిన స్విచ్చూ ఆ పక్కనే ఉంటుంది. అదీ గుడ్డిదైపోయింది.

బోరు నీళ్లకు బదులు కూలెంట్ అనే రంగు ద్రవం పోసి ఉంటే నేల మీద పచ్చగా కనిపించేది. బోరు నీళ్లకూ వాన నీళ్లకూ తేడా ఎవరికి తెలుస్తుంది? చాలా షెడ్లలో ఇదే వాడుక, తగ్గినప్పుడల్లా ఒక బకెట్.

నడపనిస్తే ఏ క్షణాన పట్టేస్తుందో తెలియదు. పరుగున లోపలికి పోయాను.

"ఇంజిన్ ఆపాలమ్మా. చేత్తో ఊపిరి కొట్టగలవా?"

"ఎంతసేపు?"

"తెలీదు."

"వాన రోజు వచ్చి చెప్పాల్సిన మాటేనా అది?" అంటూనే సిస్టర్ గాలి సంచి అందుకుంది. దాన్ని గౌరమ్మ గొట్టానికి తగిలించి రెండుసార్లు నొక్కి చూసుకుంది. "పోయి ఆపండి."

ఆపాను. మునిరాజు చన్నీళ్ల బకెట్‌తో పరుగెత్తుకొచ్చాడు. లాక్కుని పక్కన పెట్టాను. కాలిన ఇనుములో చన్నీళ్లు పడితే ఇంజిన్ హెడ్ పగులుతుంది. రేడియేటర్ మూత తొందరపడి తిప్పితే ఆవిరి మొహం మీదికి వస్తుంది. కాబట్టి ఆగాలి. కింది గొట్టం క్లిప్పు అదురుకు వదులై నీళ్లన్నీ అక్కడే కారిపోయాయి. కొత్తది వేస్తుంటే ఐసీయూ కిటికీలోంచి సంచి చప్పుడు వినిపించింది. ఉస్సుమని ఒకసారి, ఆగి మళ్లీ ఉస్సు. అది ఆగిన ప్రతిసారీ నా చేతిలో స్పానర్ ఆగింది.

క్యాంటీన్‌లో టీకి కాగుతున్న నీళ్లు మునిరాజుతో తెప్పించాను. ఇంజిన్ కాస్త చల్లారి, ఆవిరి వదిలాక, ఆ వేడినీళ్లు సన్నధారగా పోస్తూ పోయాను. స్టార్ట్ చేస్తే అందుకుంది. ముల్లు పైకి లేచి తన చోట నిలబడింది. కిటికీలో సంచి చప్పుడు పోయి మిషన్ చప్పుడు వచ్చింది.

"ఇంగ ముల్లు దిగితే నవ్వనన్నా," అన్నాడు మునిరాజు.

"నవ్వొద్దు. పోయి నేల తొక్కి చూడు, వెచ్చగా ఉందేమో."

సంచి నొక్కీ నొక్కీ సిస్టర్ వేళ్లు ముడుచుకుపోయి తెరుచుకోలేదు. టీ గ్లాసును రెండు మణికట్ల మధ్య పట్టుకుని తాగింది. గౌరమ్మ కొన్నాళ్లకు మిషన్ అక్కర లేకుండా ఊపిరి తీసుకుని ఇంటికి పోయిందని విన్నాను.

మీటరు చెప్పేది నీళ్ల వేడి. నీళ్లే లేనప్పుడు అది చెప్పే మాటకు విలువ లేదు. రిటైరయ్యేదాకా నా కింద పనిచేసినవాళ్లకు రెండు మాటలు చెప్పాను. రంగున్న కూలెంటే పోయండి. ముల్లు ఎక్కితే పరుగెత్తండి, కారణం లేకుండా దిగితే ఇంకా ముందు పరుగెత్తండి.