ఐదు కిలోల ఒడిబియ్యం, ఏడు కిలోల సంచి

ఐదు కిలోల బరువు తప్పించుకోవడానికి ఒక మనిషి ఎంత నష్టం చేయగలడో చూడాలనుకునేవాళ్లు నన్ను చూస్తే చాలు. మా అక్క గృహప్రవేశానికి ముందురోజు, ఎవరూ అడగకుండానే, ఎవరి సాయమూ లేకుండానే, మా అమ్మ పరువు, మా అక్క పరువు, మా నాన్న దుకాణం పరువు కలిపి మంచిర్యాల బజారులో పెట్టి వచ్చాను. ఇది జరిగి ఆరేళ్లయింది. ఇప్పటికీ చుట్టాల పెళ్లిళ్లలో బంతిలో నా పక్కన కూర్చున్నవాళ్లు ముందు ఆ సంగతే అడుగుతారు. నా ఆరోగ్యం సంగతి పెరుగన్నం దగ్గర అడుగుతారు.

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్లు. ఒంటికి మాత్రమే అనుకోండి, బుద్ధి వయసు నేను చెప్పలేను. హనుమకొండలో మా నాన్నకు కిరాణా దుకాణం. నేను ఒక ప్రైవేటు కాలేజీ ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చుని, పని లేనప్పుడు, అంటే దాదాపు రోజంతా, ఫోన్లో వీడియోలు చూసేవాణ్ని. అందులో ఒక గడ్డం కుర్రాడు కొండల మీద నిలబడి, వీపు మీద చిన్న సంచితో, ఏడు కిలోలు దాటితే అది ప్రయాణం కాదు, ఇల్లు మారడం అని చెప్పేవాడు. ఆ ముక్క నాకు ఉపదేశంలా చెవిలో పడింది. నేను అప్పటిదాకా వెళ్లింది వేములవాడకు రెండుసార్లు, పరీక్షలు రాయడానికి హైదరాబాదుకు మూడుసార్లు. ఆ సంచులు కూడా అమ్మే సర్దింది. అయినా ప్రపంచ యాత్రికుడి గర్వమంతా నాకు ఒక్క వారంలో వచ్చేసింది.

బ్యాగు కొన్నాను. బట్టలు మడతపెట్టడం పామరుల పని అని తేల్చి, చొక్కాలను చాపల్లా చుట్టడం మొదలుపెట్టాను. చుట్టిన చొక్కాలు పెట్టడానికి జిప్పు డబ్బాల్లాంటి చిన్న సంచులు నాలుగు కొన్నాను. మడిచే గ్లాసు, గాలి ఊదే మెడ దిండు, నీళ్లు తుడవని తువ్వాలు, ఇటుకంత బరువున్న పవర్ బ్యాంకు కొన్నాను. టూత్‌బ్రష్షుకు అంత పొడుగు పిడి ఎందుకని నాన్న కొబ్బరికాయలు కొట్టే కత్తితో సగానికి నరికాను. ఆ తర్వాత మూడు వారాలు వేళ్లు గొంతు దాకా పెట్టి పళ్లు తోముకున్నాను. పాఠకులు గమనించే ఉంటారు, చోటు మిగిల్చే వస్తువులతోనే నా సంచి నిండిపోయింది. నేను మాత్రం గమనించలేదు.

అలవాటు కావాలని ఒక ఆదివారం ఆ సంచి వేసుకుని ఖిలా వరంగల్‌లో రాతి తోరణాల చుట్టూ ఎండలో గంటన్నర తిరిగాను. మా వాడకట్టు పెద్దాయన ఒకరు ఎదురుపడి, నా వాలకం చూసి గొంతు తగ్గించి, "ఇంట్ల ఏమన్న లొల్లి అయిందా బిడ్డా, ఎల్లిపోయినవా?" అని అడిగారు. నేను ఆయన అజ్ఞానానికి జాలిపడ్డాను.

ఇక అసలు సంగతి. మా అక్క స్వప్నకు పెళ్లయి అప్పటికి ఆరేళ్లు. బావది మంచిర్యాల. అక్క అత్తగారు చెడ్డ మనిషి కాదు గానీ, మాటను సూది మొనలా చెక్కి గుచ్చుతుంది. మా ఇంటినుంచి ఏది వెళ్లినా పట్టుకుని చూసి, తూచినట్టు ఒక్క క్షణం ఆగి, "ఉన్నంతల పెట్టిండ్రు తీ" అనేది. అంతే. ఆ ఆగడం దగ్గర మా అక్క ఆరేళ్లుగా చచ్చిపోతోంది. ఇప్పుడు కొత్త ఇల్లు కట్టారు. గృహప్రవేశానికి పుట్టింటివాళ్లు ఒడిబియ్యం పోయాలి. ఈసారన్నా నిండుగా రండమ్మా అని అక్క ఫోన్లో అమ్మను బతిమాలింది.

ఒడిబియ్యం తెలియనివాళ్లకు ఒక్క మాట. ఆడపిల్లను పీట మీద కూర్చోబెట్టి, పుట్టింటి బియ్యాన్ని పసుపు కలిపి దోసిళ్లతో ఆమె కొంగులో పోస్తారు. నీ వెనక మేమున్నాం అని పదిమంది ముందు చెప్పడమన్నమాట. అందులో బియ్యానిది బియ్యం విలువ కాదు. ఇది తెలంగాణలో పాలు తాగే పిల్లకు కూడా తెలుసు.

అమ్మ ఐదిళ్ల పేరంటాండ్లను పిలిచింది. తలా ఒక సోలెడు పోశారు, మిగతాది అమ్మ కలిపింది. పసుపు పీట దగ్గర పోసేటప్పుడే కలుపుతారు. పసుపు అంచు పెట్టిన కొత్త తెల్లబట్టలో మూటకట్టింది. ఐదు కిలోల పైచిలుకు అయింది. తెల్లారి అమ్మానాన్నలు చీరలు, ఎండుకొబ్బరి కుడుకలు, గిన్నెలు తీసుకుని కారులో వస్తారు. మూట మాత్రం ముందురోజు రైల్లో నేను తీసుకుపోవాలి. "ఒడిబియ్యం అన్నదమ్ముల భుజం మీదనే పోవాలె కొడుకా, మా అమ్మగారింట్ల గిదే రివాజు" అని అమ్మ నా చేతిలో పెట్టింది.

నేను సంచిని దుకాణం కాంటా మీద పెట్టాను. బియ్యం లేకుండా ఆరు కిలోల ఎనిమిది వందలు. బియ్యంతో పన్నెండు దాటింది. గడ్డం కుర్రాడు కళ్ల ముందు నిలబడి తల అడ్డంగా ఊపాడు. ఏదో ఒకటి తీసేయాలి. మతి ఉన్నవాడు మెడ దిండు తీసేస్తాడు. నేను ఆలోచించాను. బియ్యం ఎక్కడైనా బియ్యమే, మంచిర్యాలలో దుకాణాలు లేవా, కిరాణా కొట్టువాడి కొడుకునై ఉండి ఈ మాత్రం తెలియదా అనుకున్నాను. నాన్న స్నానానికి వెళ్లగానే మూట విప్పి, ఐదుగురు పేరంటాండ్లు దండం పెట్టి పోసిన బియ్యాన్ని అమ్మకానికి పెట్టిన బస్తాలో ఒంపేశాను. వృథా చేయకూడదు కదా. తెల్లబట్ట తేలిక కాబట్టి దాన్ని మాత్రం చుట్టి, జిప్పు సంచిలో పెట్టుకున్నాను.

కాజీపేటలో రైలెక్కాక నా తేలికదనానికి నేనే మురిసిపోయాను. మూటలతో, బుట్టలతో ఎక్కుతున్న జనాన్ని చూసి పెదవి విరిచాను. ఎదుటి సీటు పెద్దమ్మకు రెండు బస్తాలు, ఒక మురుకుల డబ్బా ఉన్నాయి. ఆమెకు సామాను తగ్గించుకోవడం గురించి రామగుండం దాకా ఉపన్యాసం ఇచ్చాను. నా చేతిలో మురుకులు ఆమెవే.

మంచిర్యాలలో దిగి, అక్క కొత్త ఇంటికి రెండు వీధుల ఇవతల ఒక దుకాణంలోకి వెళ్లి ఐదు కిలోల బియ్యం అడిగాను. కొట్టులో ఉన్న నెరిసిన మీసాలాయన వండుకోవడానికా, ఫంక్షన్‌కా అని అడిగాడు. ఒడిబియ్యం పోయడానికి అన్నాను. ఆయన చేట బస్తాలోనే ఆగిపోయింది.

"ఒడిబియ్యం అమ్మగారింటికెళ్లి వస్తయి గద బాబూ?"

"అదంతా పాత ముచ్చట అన్నా. గంత దూరంకెళ్లి మోసుకొచ్చుడెందుకు? మనిషి లైటుగ తిరగాలె."

ఆయన ఎవరింటికి అని అడిగాడు. నేను అక్క పేరు, బావ పేరు, వీధి పేరు, హనుమకొండలో మాకూ దుకాణం ఉందన్న సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. బరువు విషయంలోనే పొదుపు నాకు, మాటల్లో లేదు.

"మీ దుకాణంల బియ్యం అమ్మరా?" అన్నాడాయన.

"అమ్ముతం."

ఆయన చేట మళ్లీ కదిలింది. ఒక గుప్పెడు ఎక్కువే వేసి కట్టిచ్చాడు. మంచి మనిషి అనుకున్నాను.

సందులో నిలబడి బియ్యాన్ని తెల్లబట్టలోకి మార్చి అక్క ఇంటికి చేరాను. అత్తమ్మ వాకిట్లో చుట్టాలతో కూర్చుని మామిడాకుల తోరణం గుచ్చుతోంది. నన్ను చూసి లేచి, మూటను రెండు చేతులా అందుకుని కళ్లకద్దుకుంది. మూటను చేతిలో ఎత్తి చూసి, మొదటిసారి ఆగకుండా మాట్లాడింది. "మస్తు బరువున్నది కొడుకా. భుజం నొచ్చిందా?"

ఇక్కడ నోరు మూసుకుని లోపలికి పోయినా సగం కొంప నిలిచేది. నేను భుజం రుద్దుకున్నాను. కొంచెం నొచ్చింది అత్తమ్మా అన్నాను. రైల్లో జనం ఎక్కువున్నారని, మూట కింద పెడితే అపచారమని ఒళ్లో పెట్టుకుని వచ్చానని కూడా చెప్పాను. అక్క గుమ్మంలో నిలబడి నావైపు చూసిన చూపులో ఎంత గర్వం ఉందో నాకు ఇప్పటికీ గుర్తే. ఆ చూపును నేను దొంగిలించాను.

అరగంటకు నెరిసిన మీసాలాయన చెప్పులు విడిచి లోపలికి వచ్చాడు. అత్తమ్మ ఆయనకు కుర్చీ వేయించి, "మా తమ్ముడు సత్తయ్య" అని నాకు పరిచయం చేసింది. నా చేతిలో చాయ్ చల్లారిపోయింది. ఆయన చాడీలు చెప్పే రకం కాదు. చాయ్ తాగుతూ కూర్చున్నాడు. కానీ అత్తమ్మ ఊరుకోలేదు, స్వప్న తమ్ముడు కాజీపేట నుంచి ఒడిలో పెట్టుకుని మోసుకొచ్చాడని మూట చూపించి రెండుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పేసరికి ఆయనకు ఓపిక పోయింది.

"అక్కా, ఆ బియ్యం నేనే తూచిచ్చిన."

వాకిట్లో తోరణం గుచ్చే చేతులన్నీ ఆగాయి. అత్తమ్మ అరవలేదు. అరిచినా బాగుండేది. ఆమె నవ్వి, లోపలికి వినపడేటట్టు, "స్వప్నా, మీ అమ్మగారింటి బియ్యం మా తమ్ముని దుకాణంకెళ్లి వచ్చినయటనే. మంచిగైంది తీ, దగ్గర" అంది.

అక్క నన్ను వంటింట్లోకి పిలిచింది. నా సంచి తీసుకుని నేల మీద బోర్లించింది. మడిచే గ్లాసు దొర్లుకుంటూ పోయి పొయ్యి కింద ఆగింది. ఆమె మెడ దిండు చేతిలోకి తీసుకుంది.

"మా ఇంట్ల దిండ్లు లేవనుకున్నవా తమ్మీ?"

నేను ఏడు కిలోల లెక్క చెప్పబోయాను.

"ఆరేండ్ల సంది ఒక్క మాట కోసం చూస్తాన్న. మీవాళ్లు మంచిగ పెట్టిండ్రు అని ఒక్క మాట. అది బరువైందని తీసి పడేసినవ్."

ఆమె ఏడవలేదు. నాకు మాత్రం భూమిలోకి పోవాలనిపించింది. అంత సిగ్గు నేను పదో తరగతి లెక్కల పేపరు దగ్గర కూడా పడలేదు.

అమ్మకు ఫోన్ చేశాను. అసలు బియ్యం ఎక్కడున్నాయని అడిగింది. చెప్పాను. పక్కన నాన్న గొంతు వినిపించింది, మధ్యాహ్నం నుంచి ఆ బస్తాలోంచే అమ్ముతున్నాడట, అడుగు కనిపిస్తోందట. ఆ పూట హనుమకొండలో ఎన్నిళ్లవాళ్లు మా అక్క ఒడిబియ్యం వండుకుని పచ్చిపులుసుతో తిన్నారో ఆ దేవుడికే తెలియాలి. అమ్మ నన్ను తిట్టలేదు. "ఫోన్ పెట్టు" అంది.

తెల్లారి పాలు పొంగించే వేళకు ఇంటి ముందు కారు ఆగాలి. పెద్ద కిరాయి బండి ఆగింది. ముందు నాన్న, అమ్మ దిగారు. తర్వాత ఐదుగురు పేరంటాండ్లూ దిగారు. ఈసారి ఎవరి చేతికీ ఇచ్చి పంపేది లేదని తేల్చుకుని, ఎవరి మూట వాళ్లే పట్టుకుని వచ్చారట. సంగతి వాడంతా పాకి, పిలవని మరో ఆరుగురు కూడా ఎక్కారు. ఒకామె స్టీలు బకెట్టు నిండా తెచ్చింది. ఒకామె ఏకంగా పాతిక కిలోల బస్తా దింపించింది. దిగిన ప్రతి ఒక్కరూ గుమ్మం దగ్గర ఆగి నన్ను కింది నుంచి మీది దాకా చూసి లోపలికి పోయారు. చివరి ఆమె, మా చిన్నమ్మ, పక్కామెను అడిగింది: "గీ సారేనా బరువు మొయ్యనోడు?"

పోయడం మొదలైంది. అక్క కొంగు నిండింది, గంపలో వంచారు. మళ్లీ నిండింది, మళ్లీ వంచారు. గంపలు చాలక బావ పక్కింటికి పరుగెత్తాడు. అమ్మతో కలిపి పన్నెండు మంది ఆడవాళ్లు ఒకరి తర్వాత ఒకరు పసుపు చేతులతో పోస్తుంటే అక్క తల ఎత్తకుండా కూర్చుంది. అత్తమ్మ గోడవారగా నిలబడి చూసింది. అలవాటు ప్రకారం ఒక్క క్షణం ఆగింది. నా గుండె కూడా ఆగింది. అప్పుడామె తన వైపు చుట్టాలకేసి తిరిగి, "మా కోడలి అమ్మగారోళ్లు మస్తు పెట్టిండ్రు" అంది.

అక్క కళ్లలో అప్పుడొచ్చాయి నీళ్లు. నాకూ వచ్చాయి, దాచను. అక్కడితో ఆగితే మనిషినయ్యేవాణ్ని. పీట మీంచి లేచిన అక్క దగ్గరికి పోయి, "ఒక లెక్కల చూస్తే నా వల్లనే మంచిగైంది గదా అక్కా" అన్నాను.

ఆమె కళ్లు తుడుచుకుని లోపలికి వెళ్లింది. సత్తయ్య దుకాణం బియ్యం మూట తెచ్చింది. మా అమ్మ, చిన్నమ్మ, అత్తమ్మ, సత్తయ్య అందరూ చూస్తుండగా దాన్ని నా సంచిలో తోసి, జిప్పు లాగి, నా వీపుకు తగిలించింది.

"ఇవి పుట్టింటి బియ్యం కావు, మా ఇంటియి. నువ్వే మొయ్యి."

నా దిండూ గ్లాసూ పిల్లలకు బొమ్మలయ్యాయి. తిరుగు ప్రయాణంలో రైలు నిజంగానే కిటకిటలాడింది. కాజీపేట దాకా నిలబడే వచ్చాను. భుజం నిజంగానే నొచ్చింది. బియ్యం అమ్ముకుని బతికే ఇంటికి ఇంకో ఊరి నుంచి ఐదు కిలోల బియ్యం మోసుకొచ్చిన మొదటి కొడుకును నేనే అయి ఉంటాను. నాన్న దాన్ని బస్తాలో కలపనివ్వలేదు. అమ్మ అవి అయిపోయేదాకా నాకొక్కడికే చిన్న గిన్నెలో వేరుగా వండి, అందరి ముందూ వడ్డించింది.

కాబట్టి ముక్కోటి దేవతల సాక్షిగా, కాజీపేట జంక్షన్ సాక్షిగా, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకముందు ఏ ఊరు వెళ్లినా ముందు మా అమ్మ ఇచ్చిన మూట బండెక్కుతుంది. చోటు మిగిలితే నేనెక్కుతాను.