పత్తి కుప్ప మీద సొట్ట

అడ్డంగా కట్టిన సుతిలి తాడు కదలలేదు. అది అందరం చూశాం. పిల్ల వెనక్కి వంగి, జడతో సహా దాన్ని దాటి, వీపు ఆన్చి పత్తి కుప్పలో పడింది. అంచుదాకా దొర్లుకుంటూ వచ్చి నేల మీద నిలబడింది. వాళ్ల బాపు చప్పట్లు కొట్టబోయి, తన తల్లి మొహం చూసి, ఆ చేతులతోనే భుజం మీది తువ్వాల సర్దుకున్నాడు.

"తాకింది," అంది ముసలామె.

"ఏం తాకింది బాపమ్మా? సుతిలి ఊగనన్న ఊగలే!"

"సుతిలి సంగతి ఎవలడిగిన్రు? నీ మడిమ తాకింది, పత్తికి."

ఎనభైల చివర నేను సిద్దిపేటలో విలేకరిగా ఉన్నప్పుడు ఒక పత్తి వ్యాపారి ఇంట్లో ముందు గది కిరాయికి తీసుకున్నాను. కోహెడ, హుస్నాబాద్ వైపు ఊళ్లలో కొన్న పత్తిని ఆయన ఇంటి వెనక రేకుల షెడ్డులో కుప్ప పోసేవాడు. ఆయన తల్లిని మనవరాలితో పాటు నేనూ బాపమ్మ అనేవాణ్ణి. మనవరాలు తొమ్మిదో తరగతి. బడిలో హైజంప్‌లో ఆమెను మించినవాళ్లు లేరు. బాగా సాధన చేస్తే సంగారెడ్డిలో జరిగే జిల్లా ఎంపికలకు తీసుకుపోతానని డ్రిల్లు సారు చెప్పాడు. బడిలో దూకితే పడేది ఇసుక గుంతలో, అందులో ఇసుక కంటే కంకర ఎక్కువ. ఇంట్లోనేమో షెడ్డు నిండా మెత్తదనం.

అడ్డం వచ్చింది బాపమ్మ. ఆడపిల్ల దూకడం మీద ఆమెకు ఏ అభ్యంతరమూ లేదు. "దుంకుతె దుంకు. లచ్చిమి మీద కాలు వెట్టకు," అనేది. ధాన్యం, పత్తి, చాట, చీపురు, చివరికి నా పాత పేపర్ల కట్ట కూడా కాలు తగలకూడనివే. పొరపాటున తగిలితే చేత్తో తాకి కళ్లకద్దుకోవాలి. నా వార్తలకు అంత మర్యాద ఇచ్చినవాళ్లు నాకు మళ్లీ దొరకలేదు. ఆమెకు చదవడం రాదు.

డ్రిల్లు సారు నేర్పిన పద్ధతిలో కాళ్లను కత్తెరలా ఆడించి దాటాలి, కాళ్ల మీదే దిగాలి. అంటే లక్ష్మి నెత్తిన రెండు కాళ్లూ పెట్టడమే. షెడ్డుకు తాళం పడింది.

దారి చూపించింది టీవీ. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఎప్పుడో ముగిసిన అంతర్జాతీయ అథ్లెటిక్స్ పోటీల్లోంచి ఆడవాళ్ల హైజంప్ ఫైనల్ వేశారు. ఎవరు గెలిచారో మా పేపర్లో అప్పటికే రెండు వాక్యాల్లో వచ్చేసింది. ఆ ఇంట్లో ఎవరూ దాన్ని చదవలేదు కనుక నేనూ నోరు మూసుకుని కూర్చున్నాను. ఒక పొడుగాటి పిల్లకు చివరి అవకాశం మిగిలింది. విల్లులా వంపు తిరుగుతూ పరుగెత్తుకొచ్చి, కర్రకు వీపు తిప్పి ఎగిరింది. కర్ర వణికి ఆగింది. లోకమంతా కర్రను చూస్తుంటే బాపమ్మ కాళ్లను చూసింది.

"గామె కాళ్లు ఏడున్నయే?"

"మీదికున్నయి! చూసినవా, పరుపుకు తాకనే లేవు!" మనవరాలు అప్పటికే లేచి నిలబడింది.

"పద్ధతిగల్ల పిల్ల," అని బాపమ్మ మెచ్చుకునేలోగా ఆ పద్ధతిగల పిల్ల పరుపు మీదే లేచి సంతోషంతో గంతులేసింది. బాపమ్మ మొహం మాడిపోయింది. "ఏందే గిది? అంత మంచిగ పడి గిట్ల తొక్కుడెందుకు?"

"నేను తొక్కను. దొర్లుకుంట దిగుత."

ఒప్పందం కుదిరింది. అందరి ముందూ ఒక్కసారి దూకాలి. పత్తికి కాలు తాకకపోతే షెడ్డు తాళంచెవి, సంగారెడ్డి ప్రయాణం పిల్లవి. తాకితే రెండూ లేవు. కొన్నాళ్లు పిల్ల సాధన కోసం ఇంట్లో పరుపులన్నీ పెరట్లోనే ఉన్నాయి. పరుపులో ఉన్నదీ పత్తే కదా అని నేనడగలేదు. కిరాయికి ఉండేవాడు అడగకూడని ప్రశ్నలు కొన్ని ఉంటాయి. ఆ తర్వాత వాళ్ల బాపు షెడ్డులో రెండు గుంజలకు బస్తాలు కుట్టే సుతిలి కట్టాడు. పిల్ల దూకింది.

కుప్ప అంచున చిన్న సొట్ట ఉంది. బాపమ్మ దానికి వేలు చూపించింది. "ఇగో, మడిమ."

"గది మోచెయ్యి!"

"మోచెయ్యి గింత గుండ్రంగుంటదా? కొడుకా, నువ్వు చూసినవా?"

"నేను సుతిలిని చూసిన అవ్వా."

"పేపర్ సారూ, నువ్వు?"

సుతిలి దాటిన పిల్ల కుప్ప మీద పడే క్షణంలో నేను బాపమ్మ మొహమే చూస్తున్నాను. ఆ మాటే చెప్పాను.

"గందుకే నీ పేపరు గట్లుంటది," అంది.

చివరికి ఆమే ఒక మెట్టు దిగింది. "సరె, ఒక్కపారి ముట్టి కండ్లకద్దుకో. అయిపాయె. సంగారెడ్డికి పో."

అంత సులువైన తీర్పు ఏ ఆటలోనూ ఉండదు. పిల్ల చేతులు వెనక్కి కట్టుకుంది.

"అద్దుకుంటె తాకినట్టె గద! తాకలే. అద్దుకోను."

"గింత మొండిదేందిరా!"

"నీ మన్మరాలె," అంటూ కొడుకు వంగి, తానే పత్తిని ముట్టి కళ్లకద్దుకున్నాడు. "ఇగ అయిపాయె."

"నువ్వెందుకురా? నీ కాలు తాకిందా?"

మర్నాడు పొద్దున మిల్లుకు పోవాల్సిన లారీ వచ్చింది. హమాలీలు పత్తిని బస్తాల్లో కుక్కి రెండు కాళ్లతో తొక్కుతుంటే పిల్ల గుమ్మంలో నిలబడింది. "మరి గాళ్లు?"

"గాళ్లు మొక్కి తొక్కుతున్రు. నువ్వు మొక్కనంటివి గద."

పిల్ల లోపలికి పోయింది. బాపమ్మ కాసేపు ఆ గుమ్మంవైపే చూసింది. తర్వాత సొట్ట దగ్గరికి వెళ్లి, చిటికెడు దూది తీసి, తన కళ్లకే అద్దుకుంది. కొంగు ముడి విప్పి తాళంచెవి కొడుకు చేతిలో పెట్టింది. "తాకిందనే అంటున్న," అని మాత్రం అంది.

పిల్ల సంగారెడ్డికి పోయింది. అక్కడ పడాల్సింది ఇసుకలో కనుక డ్రిల్లు సారు వీపు మీద పడనివ్వలేదు. కత్తెర పద్ధతిలోనే దూకి మూడోదిగా వచ్చింది. ఆ తర్వాత నేను ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ బాపమ్మ తాకిందనే అంది, మనవరాలు తాకలేదనే అంది. సొట్ట ఉన్న పత్తి ఆ లారీలోనే మిల్లుకు పోయింది. అది మడమదో, మోచేతిదో తేలలేదు.