నాంపల్లి పెరట్లో వొలైతా గుంత

జాబితా ఒకటి రాసుకుంటే చాలు, లోకంలో ఏ పనైనా జరిగిపోతుందని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. పాలిటెక్నిక్ డిప్లొమా చేతికి రాగానే గుంటూరు నుంచి హైదరాబాదు వచ్చి, గన్‌ఫౌండ్రీలో ఒక ఆఫీసులో డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరాను. వయసు ఇరవై రెండు. జేబులో నోటుబుక్కు, చెవిమీద చెక్కిన పెన్సిలు. (చాకలికి వేసే బట్టల పట్టికలో ఒక్కో చొక్కాకి ఎన్ని బొత్తాలున్నాయో కూడా రాసేవాణ్ణి. నన్ను తల్చుకుని ఆ చాకలి ఇంట్లో ఏమని తిట్టుకునేవాడో తెలియదు.)

నాంపల్లి స్టేషను వెనక సందులో, పెంకుటింట్లో ఒక గది కిరాయికి తీసుకున్నాను. ఇంటావిడ మెదక్ వైపు పల్లె నుంచి వచ్చి స్థిరపడిన పెద్దామె. అందరం అవ్వ అనేవాళ్ళం. నా పక్క గదిలో ఆబిడ్స్ దగ్గరి కాలేజీలో చదువుకునే ఒక ఆఫ్రికా కుర్రవాడు ఉండేవాడు. ఆరడుగుల మూడంగుళాలు (టేపు పెట్టి కొలిచాను), అందుకని అవ్వ అతనికి పొడుగోడు అని పేరు పెట్టింది. ఎవరైనా ఇథియోపియావాడా అని అడిగితే, "అది దేశం. నేను వొలైతా మనిషిని" అని దిద్దేవాడు. ఆ దేశానికి దక్షిణాన ఉన్న వాళ్ళ సీమ పేరట అది. తెలుగు అవ్వ దగ్గరే నేర్చుకున్నాడు. "నీ తెలుగేందన్నా, పుస్తకం సదివినట్టుంటది" అని నన్నే వెక్కిరించేవాడు.

ఆదివారం పొద్దున పెరట్లో అరటిచెట్టు పక్కన నిలబడి, దాని మొదలు నిమురుతూ వాళ్ళ ఊరి సంగతులు చెప్పేవాడు. అక్కడ ఇల్లు గుండ్రంగా, గడ్డి కప్పుతో ఎత్తుగా ఉంటుందట. ఇంటి చుట్టూ ఊత్తా అనే చెట్లు. చూస్తే అరటే అనుకుంటాం గాని కాయ తినరు. మట్టలు గీకి, దుంప దంచి, ఆ ముద్దని ఆకుల్లో చుట్టి గుంతలో పాతి పులియబెట్టి రొట్టె చేసుకుంటారు. "ఊత్తా ఉన్న ఇంట్ల ఆకలుండదన్నా" అనేవాడు. పొద్దున్నే కాఫీ ఆకుల్ని వెల్లుల్లి, అల్లం, మిరపకాయ వేసి కాచి, ఇరుగుపొరుగుని కేకేసి పిలుస్తారట. ఒక్కడే కూర్చుని తాగితే సిగ్గుచేటట. (ఆ మాట విన్న వారంలోనే తలుపు గడియ పెట్టుకుని ఫిల్టరు కాఫీ తాగే అలవాటు మానుకున్నాను. కాఫీలో వెల్లుల్లి సంగతి మాత్రం మా అమ్మకి ఉత్తరంలో రాసే ధైర్యం చెయ్యలేదు.)

ఆ ఏడు వానాకాలంలో మనిషి డీలా పడిపోయాడు. వాళ్ళ కొత్త సంవత్సరం పండగ, గిఫాతా, దగ్గరపడుతోంది. ఇంటి నుంచి ఉత్తరం వచ్చింది. అది మూడుసార్లు చదివి మడిచిపెట్టి, "ఈసారి పండగకు పోతనన్నా. పోతే మళ్ళ రాను" అన్నాడు. చదువింకా ఒక్క ఏడాదే మిగిలి ఉంది. ఎంత చెప్పినా వినలేదు. అతను పండగ దగ్గరికి వెళ్ళకుండా ఆపాలంటే పండగనే ఇక్కడికి తేవాలని నిశ్చయించుకుని నోటుబుక్కు తీశాను.

దైవికంగా ఆ వారమే అవ్వ గెల కోసుకుని అరటిచెట్టు నరికేయబోయింది. ఆ బోదె, దుంప నాకిమ్మన్నాను.

"ఏం జేస్తవ్ బిడ్డా?"

"పనుందండీ."

"ఆఫీసు పనా?"

"అలాంటిదే."

పొడుగోడు కాలేజీకి వెళ్ళగానే, సెలవు పెట్టుకున్న నేను రంగంలోకి దిగాను. ఆబిడ్స్‌లో కొత్తగా కొన్న స్టీలు స్కేలుతో మట్టలు గీకాను. రసం మోచేతుల దాకా కారి బనీను మీద పడింది. (ఆ నల్లమరకలు ఏ జాబితాకీ లొంగలేదు.) దుంపను బండరాయితో దంచాను. పెరటి మూలన రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండున్నర అడుగుల లోతున గుంత తవ్వి, మూలమట్టంతో నాలుగు మూలలూ సరిచూశాను. ఆకుల్లో చుట్టి, పాతి, పైన రాళ్ళు పేర్చి, పొడుగోడి కంట పడకుండా ఎండుమట్టలు కప్పాను. ఎన్నాళ్ళు ఆగాలన్నది ఒక్కటే చిక్కు. అంతకుముందొకసారి పొడుగోణ్ణి అడిగితే, "మా అమ్మ చెయ్యి పెట్టి సూసి చెప్తది" అన్నాడు. అమ్మ చెయ్యి అనేది కొలమానం కాదు కనుక, ఇడ్లీపిండికి ఒక రాత్రి అయితే అరటిబోదెకి ఎంతవుతుందో లెక్కగట్టి ఇరవై ఒక్క రోజులని రాసుకున్నాను.

ఎనిమిదో రోజున ముసురు పట్టింది. పదోరోజు పొద్దున, పొడుగోడు కాలేజీకి వెళ్ళిపోయి నేను ఆఫీసుకి బయల్దేరుతుండగా, వాసన గుప్పుమంది. పక్కింటావిడ గోడమీంచి తొంగిచూసి, "మీ పెరట్ల ఏదో సచ్చింది" అని కేకేసింది. అవ్వ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నా గది ముందు నిలబడింది.

"గాడ ఏం పాతిపెట్టినవ్?"

"రొట్టె అండీ."

"రొట్టెను పాతిపెడ్తరా ఎవరన్నా?"

"వొలైతాలో పెడతారండీ. మన పొడుగోడి పండగ కోసం..."

చెప్పకూడని మాట అదే. తప్పంతా నాదైతే నన్నొక్కణ్ణే తిట్టి ఊరుకునేది. "ఓహో, ఇద్దరూ కూడబల్కుకున్నరా? ఐతారం లోపల ఇద్దరూ సామాన్లు సర్దుకోండ్రి" అని వెళ్ళిపోయింది. పొడుగోణ్ణి ఉంచడానికని తవ్విన గుంత అతనికి నిలువనీడ లేకుండా చేసింది. ఊరికి పోవడానికి ఇంతకన్నా సాకేం కావాలి? అతను వస్తే ఏ మొహంతో చెప్పాలో తెలియక, ఆఫీసు మానేసి పెరటి గుమ్మంలో కూర్చున్నాను.

సాయంత్రం కాలేజీ నుంచి వస్తూనే వీధి గుమ్మంలో ఆగిపోయాడు. తల పైకెత్తి గాలి పీల్చాడు. చేతిలో పుస్తకాలతోనే తిన్నగా పెరటి మూలకి నడిచి, మట్టలూ రాళ్ళూ తీసి, ఆ ముద్దలోంచి చిటికెడు తీసి వేళ్ళమధ్య నలిపి వాసన చూశాడు. తర్వాత కింద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా ఆపడే!

"ఎవరు గీకిన్రు?"

"నేనే."

"అన్నా! మా దిక్కు గిది ఆడోళ్ళ పని. మొగోడు దగ్గరికి గూడ రాడు. మా అమ్మ సూస్తే నిన్ను గరిటెతో తరుముతుండె."

నేను పట్టిక తీసి చూశాను. చెట్టు, పనిముట్టు, గుంత కొలతలు, రోజులు, అన్నీ ఉన్నాయి. పని ఎవరు చెయ్యాలి అన్న గడి మాత్రం లేదు.

"ఇంకోటి, అరటిల పిండెక్కడుంది? గిది రొట్టె గాదు, ఎరువు." ఆగి, మళ్ళీ వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "వాసన మాత్రం మా ఇంటిదే."

అవ్వ హుకుం సంగతి అప్పుడు చెప్పాను. నవ్వు ఆగిపోయింది. నా చెయ్యి పట్టుకుని (అరటి జిగురుకి మా చేతులు అతుక్కున్నాయి) అవ్వ ముందు కూర్చోబెట్టి, తనూ కూర్చున్నాడు.

"అవ్వా, మా పండగకు ముందు లొల్లి ఉండొద్దు. కోపాలుంటే పండగ ఇంట్లకు రాదు. పెద్దమనిషి కూసొని లొల్లి తెంపాలె."

"పెద్దమనిషెవరు?"

"ఈడ నీకన్న పెద్దెవరున్నరు?"

"కోపం నాది, తీర్పు గూడ నేనే చెప్పాల్నా?"

"ఔ."

అవ్వ మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. కోపంగానే ఉండాలని ఆమె ప్రయత్నం. పెదవులు వినలేదు. తీర్పు ఇలా వచ్చింది. గుంత నేనే పూడ్చాలి, పెరడంతా నేనే కడగాలి, ఆ స్కేలు పట్టుకుని ఏ చెట్టు దగ్గరికీ పోకూడదు. "పండగనాడు నేనే వండుత. ఏం తింటరో జర చెప్పు" అని పొడుగోడితో అంది.

పండగనాడు అవ్వ జొన్నపిండిని అరటాకులో చుట్టి పెనం మీద కాల్చి, వెన్న, మిరపకారం నంజుకోవడానికి పెట్టింది. వాళ్ళ ఊళ్ళోలాగే ముగ్గురం ఒక్క పళ్ళెం చుట్టూ కూర్చున్నాం. మొదటి ముద్ద పొడుగోడు అవ్వ నోట్లో పెట్టాడు. రొట్టె ఎలా ఉందని నేనడిగితే, "రొట్టె వేరే అన్నా. తినుడు అదే" అన్నాడు. ఊరి ప్రయాణం మాట ఆ తర్వాత ఎత్తలేదు. మరుసటి ఏడు డిగ్రీ పూర్తి చేసుకునే వెళ్ళాడు.

కొన్ని నెలలకి ఉత్తరం వచ్చింది. నా గుంత కథ వాళ్ళ అమ్మకి చెప్పాడట. ఊళ్ళో ఆడవాళ్ళందరినీ పిలిచి మళ్ళీ చెప్పించుకుందట ఆవిడ. "మా అమ్మ నిన్ను రమ్మంటున్నది. కాని ఏదీ ముట్టుకోవద్దంటున్నది. నువ్వు ఊరికే కూర్చోవాలట. వాళ్ళు పెడతారట, నువ్వు తినాలట" అని రాశాడు.

వెంటనే కూర్చుని ప్రయాణానికి జాబితా వేశాను. పాస్‌పోర్టు మొదలుకొని అవ్వ పంపే కారప్పొడి దాకా పదహారు, వాటి కింద ఇంకొకటి, మొత్తం పదిహేడు అంశాలు. పెళ్ళి, పిల్లలు, బదిలీలు అడ్డం వచ్చి వెళ్ళలేకపోయాను గాని, ఏళ్ళ మీద పదహారింటికి ఏదో విధంగా టిక్కు పెట్టుకున్నాను. పదిహేడోది, "ఏమీ చెయ్యకుండా ఊరికే కూర్చోవడం నేర్చుకోవాలి" అన్నది, అలాగే ఉండిపోయింది. రిటైరయ్యాక రోజూ పొద్దున అదే సాధన చేస్తున్నాను. పావుగంట గడిచేసరికి చెయ్యి దానంతటదే పెన్సిలు కోసం చెవి మీదికి పోతుంది.