బండి తోలే మనిషికేటుంది?

ఆ రోజు ఇటుకల పండగ, మన్యం గిరిజనుల వేట పండగ. మా ఆయన మధ్యాహ్నం భోజనానికి రాలేదు. మగవాళ్ళు వేటకు కొండెక్కితే, గూడేల ఆడవాళ్ళు రోడ్డుకు అడ్డంగా దుంగ వేసి, వచ్చిన ప్రతి బండినీ ఆపుతారు. చిల్లర ఇస్తేగానీ వదలరు. అరకులో జీపులు తోలేవాళ్ళకు అది ఏటా ఉండే సరదా. మా ఆయనైతే దిగి, వాళ్ళతో రెండడుగులు ఆడి మరీ వస్తాడు. అందుకే ఆలస్యమైనా మొదట పట్టించుకోలేదు. కూర రెండోసారి వేడిచేస్తూ వీధిలోకి తొంగి చూశాను. అప్పుడే ఎదురింటి రత్నం వదిన వాళ్ళ జీపు మా గుమ్మం ముందు ఆగింది. దాని డ్రైవరు నా మొహం చూడకుండా, "బేగి రా అక్కా. అన్న కాలు ఇరిగిపోనాది" అన్నాడు.

వెనక సీటులో మా ఆయన పళ్ళు బిగించుకుని పడుకుని ఉన్నాడు. మోకాలి కింద చుట్టిన తువ్వాలు రక్తంతో తడిసిపోయింది. నిజం చెబుతాను, అంత కంగారులోనూ ఆ జీపుకు వేసిన కొత్త రంగు నా కంట పడింది.

జరిగింది ఇది. మా జీపుకు హ్యాండ్‌బ్రేకు సరిగా పట్టేది కాదు. ఎత్తులో ఆపితే వెనక చక్రానికి రాయి వేసేవారు. బయల్దేరేటప్పుడు మా ఆయన ఎక్కి బ్రేకు తొక్కితే, కూర్చున్నవాళ్ళలో ఒకరు దిగి రాయి తీసేవారు. కొండదారిలో అందరూ చేసే పనే. ఆ రోజు దుంగ దగ్గర ప్రయాణికులందరూ దిగి ఆటలో కలిశారు. దుంగ తీయగానే ఈయన ఆ హుషారులో తనే వెనక్కి వెళ్ళి రాయిని కాలితో తన్నేశాడు. జీపు వెనక్కి దొర్లి, ఆయన కాలి మీదుగా వెళ్ళి పక్కన పారే గెడ్డలో పడింది.

అరకు ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి విశాఖ పంపారు. అక్కడి డాక్టరుగారు ఫిల్మును వెలుతురుకు పెట్టి, "కాంపౌండ్ ఫ్రాక్చర్ అమ్మా. రెండు ఎముకలూ విరిగాయి. పుండు తెరుచుకుని ఉంది కాబట్టి ఇన్‌ఫెక్షన్ రాకుండా చూసుకోవాలి" అన్నారు. కాలికి బయటనుంచి ఇనుప కడ్డీలు బిగించారు. ఎక్స్‌టర్నల్ ఫిక్సేటర్ అంటారు దాన్ని. కడ్డీ చర్మంలో దిగిన ప్రతిచోటా రోజూ శుభ్రం చేయడం నర్సమ్మ నాకు నేర్పింది.

బండికి ఇన్సూరెన్సు ఉంది కదా అని నా ధైర్యం. ఏజెంటును కలిశాను. "మీది థర్డ్ పార్టీ అమ్మా. మీ బండి ఎవరినైనా గుద్దితే వాళ్ళకొస్తుంది. మీ బండికి గానీ మీవారికి గానీ ఇందులో ఏమీ లేదు" అన్నాడాయన. తప్పు ఆయనది కాదు. నాకు మాత్రం కడుపు భగ్గుమంది. మంట ఆయన మీద కాదు, రత్నం మీద.

ఎందుకో చెప్పాలి. మావి ఎస్.కోట వైపు నుంచి ఒకే ఏడు అరకు వచ్చిన కుటుంబాలు. ఎదురెదురు గుమ్మాలు. తొంభైల్లో రెండిళ్ళలోనూ సెకండ్‌హ్యాండ్ జీపులు కొన్నాం. మగవాళ్ళు సంతలకు మనుషుల్నీ పసుపు బస్తాల్నీ తోలేవారు. ఏజెంటు శుక్రవారం సంతకు వచ్చి మా అరుగు మీదే కూర్చునేవాడు. "మన బండిని మనవే గుద్దుకుంతావేటి?" అని మా ఆయన నవ్వి థర్డ్ పార్టీతో సరిపెట్టాడు. రత్నం ఊరుకోలేదు. "బాబూ, మనవెవర్నన్నా గుద్దితే ఆలకిత్తారు, సరే. బండికేటుంది? బండి తోలే మనిషికేటుంది?" అని అడిగింది. అడిగి, బండికి ఫుల్ ఇన్సూరెన్సు, బండి తోలే మొగుడు సింహాచలానికి ఏమైనా అయితే డబ్బొచ్చే ఓనర్ డ్రైవర్ కవరు, రెండూ రాయించింది. లోపల టీ కాస్తూ నేను వినే ఉన్నాను. మొగుడిని కూడా బండి సామానులో కలిపేసిందని నవ్వుకున్నాను.

మా ప్రమాదానికి ముందు ఏడాది, అనంతగిరి ఘాట్‌లో మంచు కమ్మిన మలుపు దగ్గర సింహాచలం బండితో సహా లోయలో పడి చనిపోయాడు. కంపెనీ బండి బాగు చేయించింది. మనిషికి రావలసింది కూడా ఇచ్చింది. రత్నం డ్రైవరును పెట్టుకుని జీపును మళ్ళీ రోడ్డెక్కించింది.

ఆసుపత్రి వరండాలో కూర్చుని నేను కుళ్ళుకున్నది ఆ మనిషిని చూసి. తాళి తెగిన ఆడదాన్ని చూసి కళ్ళలో నిప్పులు పోసుకునేవాళ్ళు ఉంటారా అంటే, నేను ఉన్నాను. పొరుగింటి పుల్లకూర రుచి అంటారు. నాకు పొరుగింటి పాలసీ రుచి.

డాక్టరుగారు భయపడినట్టే ఇన్‌ఫెక్షన్ వచ్చింది. చలిజ్వరం, పుండులోంచి చీము. "డీబ్రైడ్‌మెంట్ చేసి చెడిన భాగం తీసేయాలి. కాలు నిలబెడతామనే అనుకుంటున్నాం" అన్నారు. అనుకుంటున్నాం అన్న మాట నాకు నిద్ర లేకుండా చేసింది. మా ఆయన నన్ను అడిగింది ఒక్కటే. "కాలుంటే క్లచ్చు తొక్కగలనేటే?" ఎడమకాలు అది. నేను పక్క మంచం వైపు చూశాను. అక్కడి కుర్రాడికి ఆ రోజే కట్టు విప్పారు. వాడి మీద కూడా కుళ్ళొచ్చింది.

కాలు దక్కింది. ఎముక మాత్రం అతుక్కోలేదు. నాన్ యూనియన్ అన్నారు. తుంటి దగ్గరి ఎముక కొంచెం తీసి విరిగినచోట పెట్టి బోన్ గ్రాఫ్ట్ చేశారు. ఈలోగా గెడ్డలోంచి తీయించిన జీపు పాత ఇనుము ధరకు పోయింది. వచ్చింది మందులకే సరిపోయింది. మా బండి కోసం డుంబ్రిగూడ దారిలో చెట్టు కింద కాచుకునే గూడెం జనం రత్నం జీపెక్కడం మొదలుపెట్టారు. సంతరోజు ఆ హారను వినబడితే మా ఆయన గోడవైపు తిరిగేవాడు.

ఇంటికొచ్చాక ఫిజియోథెరపీ. మోకాలు బిగుసుకుపోయింది. వాకరు పట్టుకుని ఉదయం, సాయంత్రం వాకిట్లో గోడ వెంట నడవమన్నారు. సిమెంటు మీద ఆ వాకరు టకటకమని చప్పుడు. ఆ చప్పుడు మొదలుకాగానే ఎదురింట్లో రత్నం తలుపు మూసుకునేది. రోజూ అంతే. కుంటివాణ్ణి చూడడం నామోషీ కాబోలు, డబ్బొచ్చిన పొగరు కాబోలు అనుకున్నాను. లోలోపల ఉడికిపోయాను.

ఒకరోజు కుళాయి దగ్గర నోరు జారింది. "నీకేటి వదినా, అన్నీ సూసుకుని రాయించుకున్నావు. మమ్మల్ని సూత్తే తలుపేసుకుంతావు" అన్నాను.

ఆవిడ బిందె పక్కన పెట్టింది. కోపం రాలేదు.

"ఔనే నచ్చిమీ. బండొచ్చింది. డబ్బొచ్చింది. మీ ఆయన అలగ గోడెంట తిరుగుతుంటే ఆ సప్పుడు నాను ఇనలేకపోతన్నాను. కాలీడ్సుకునైనా నీ గుమ్మంలోకి వత్తన్నాడు కదే. నాకు కుళ్ళు. అందుకే తలుపేసుకుంతన్నాను."

నా బిందె నిండి పొర్లిపోతున్నా కుళాయి కట్టలేదు. చివరికి ఆవిడే కట్టింది.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. మా ఆయన ఎడమకాలు కొంచెం పొట్టి. చెప్పుకు మందం వేయించుకుని, చేతికర్ర పట్టుకుని నడుస్తాడు. ఘాట్ ఎక్కడు గానీ, క్లచ్చు తొక్కగలుగుతున్నాడు. పాత వ్యాను ఒకటి కొని అరకు నుంచి సుంకరమెట్ట దాకా సంతలకు తోలుతున్నాడు. వ్యాను ఇన్సూరెన్సు రాయించేటప్పుడు రత్నం వదినను పిలిచి అరుగు మీద పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఈసారి ఏజెంటును అడిగింది నేను.

వదిన మీద నాకున్న కుళ్ళు పూర్తిగా పోయిందనను. ఆవిడ తెలివి మీద ఇప్పటికీ ఉంది. సాయంత్రం కర్ర చప్పుడు వీధి మలుపు తిరగగానే ఎదురింటి తలుపు వైపు చూస్తాను. ఒక్కోరోజు తెరిచి ఉంటుంది. ఒక్కోరోజు మూసి ఉంటుంది. మూసి ఉన్నరోజు మా ఆయనను కర్ర చప్పుడు కాకుండా పైకెత్తి పట్టుకుని, నా భుజం ఆసరాతో మెల్లగా లోపలికి రమ్మంటాను.

అద్దెకు బండి తిప్పుకుని బతికే ఇళ్ళకు నేను చెప్పేది ఒక్కటే. థర్డ్ పార్టీతో సరిపెట్టుకోకండి. సంతకం పెట్టేముందు, బండి తోలే మనిషికేటుంది అని నోరు తెరిచి అడగండి. ఏటా కట్టండి. అది చేతికి రాకూడదని దణ్ణం పెట్టుకుని మరీ కట్టండి.